మా బాపు ఫోటోలో అన్ని సైకిళ్లెందుకు?

హనుమకొండ

చిరంజీవులకు తాత ఆశీర్వదించి రాసేది.

మొన్న వీడియో కాల్‌లో మా బాపు పాత ఫోటో చూపిస్తే మీరిద్దరూ ఒకేసారి అడిగారు: "తాతా, వెనకాల అన్ని సైకిళ్లెందుకు? రేస్ ఏమన్నా జరుగుతుందా?" అని. అప్పుడు నవ్వి ఊరుకున్నా. ఫోన్‌లో చెప్తే సగంలోనే గేమ్‌లోకి పోతారని తెలుసు, అందుకే ఉత్తరం.

రేస్ కాదురా, షిఫ్టు వదిలిన టైం అది. వెనక కనిపించేది ఆజంజాహీ మిల్లు గేటు. నిజాం రాజు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తన పెద్దకొడుకు ఆజంజా పేరు మీద 1934లో వరంగల్‌లో పెట్టించిన బట్టల మిల్లు. బాపు అందులోనే పని చేశాడు. మిల్లు సైరన్ ఉండగా కరీమాబాద్‌లో మా ఇంటికి గడియారంతో పని లేదు. సైరన్‌కు ముందే బాపు ప్యాంటు కుడికాలు అంచు మడిచి ఇనుప క్లిప్పు పెట్టుకునేవాడు, చైన్‌లో పడి నల్లగా కాకుండా. హ్యాండిల్‌కు సద్దిడబ్బా తగిలించేది అవ్వ. కాశిబుగ్గ నుంచి, దేశాయిపేట నుంచి, ఉర్సు నుంచి సైకిళ్లన్నీ అటే. ఆడవాళ్లు మాత్రం నడిచే పోయేవాళ్లు. ఎందుకు అని అప్పట్లో నేనూ అడగలేదు.

నాకు సొంత సైకిల్ లేదు. కిరాయి సైకిల్ షాపులో అరగంటకు పైసలిచ్చి తెచ్చుకునేవాడిని. సీటు మీద కూర్చుంటే కాళ్లు అందవు. ఫ్రేము మధ్యలోంచి కుడికాలు దూర్చి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు పట్టుకుని వంకరగా తొక్కడమే. కైంచీ తొక్కుడు అనేవాళ్లం. మోకాలి మీద మచ్చ చూశారు కదా, అప్పటిదే.

నౌకరి వచ్చాక సైకిల్ కొనుక్కుని వరంగల్ నుంచి హన్మకొండకు పొద్దున, సాయంత్రం తొక్కాను. ఒకసారి సెకండ్ షో చూసి వస్తుంటే డైనమో వైరు తెగింది. పోచమ్మమైదాన్ దగ్గర పోలీసాయన ఆపి, దీపం లేదని రెండు టైర్ల గాలీ తీసేశాడు. బతిమాలితే "నడువు, ఆరోగ్యానికి మంచిది" అన్నాడు. అర్ధరాత్రి ఇంటిదాకా తోసుకుంటూ వచ్చా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ ఆ రాత్రి మాత్రం రాలేదు.

ఇప్పుడు మీరు అడగని అసలు ప్రశ్నకు వస్తా: ఆ సైకిళ్లన్నీ ఏమయ్యాయి?

పనికి ఎట్లా పోతారని 2011 జనాభా లెక్కల్లో అడిగారు. పొలం పని, ఇంటిపట్టున చేసే చేతిపని కాకుండా వేరే పనులు చేసేవాళ్లు దేశం మొత్తం మీద సుమారు 20 కోట్ల మంది తేలారు. వాళ్లలో సైకిల్ మీద పోయేవాళ్లు 13 శాతం. మోపెడ్, స్కూటర్, మోటార్‌సైకిల్ వాళ్లంతా కలిసి దాదాపు అంతే, ఒక్క పిసరు తక్కువ. నడిచి పోయేవాళ్లు ఐదుగురిలో ఒకరికి పైనే. మనం రోడ్డు మీద బండ్లు చూసి దేశమంతా బండ్లే అనుకుంటాం. బండికి హారన్ ఉంటుంది, నడిచేవాడికి ఉండదు కదా.

ఈ లెక్కలో ఇంకో కిటుకుంది, జాగ్రత్తగా చూడండి. క్యారేజీకి కొడవలి కట్టుకుని పొలానికి పోయే మన ఊరి రైతు ఇందులో లేడు, ఎందుకంటే పొలం పని వాళ్లను ఆ ప్రశ్న లెక్కలోకి తీసుకోలేదు. ఏ లెక్క చూసినా ముందు ఎవరిని వదిలేశారో చూడాలని మా ఆఫీసులో ఒక పెద్దాయన అనేవాడు. తర్వాతి జనాభా లెక్కలు 2021లో జరగాల్సింది, కరోనాతో ఆగి 2027కు పోయాయి. కాబట్టి నా దగ్గరున్నవి పాత అంకెలే.

సైకిల్ ఇళ్లలోంచి మాయమైందా అంటే అదీ లేదు. 2001లో దేశంలో సైకిల్ ఉన్న ఇళ్లు నూటికి 43.7. పదేళ్ల తర్వాత 44.8. అదే పదేళ్లలో స్కూటర్, మోటార్‌సైకిల్ ఉన్న ఇళ్లు 11.7 నుంచి 21కి పెరిగాయి. నాకు తెలిసిన ఇళ్లలో జరిగింది ఇది: నాన్న బండి ఎక్కాడు, సైకిల్ బడిపిల్లల చేతికొచ్చింది.

ఎండలు ముదిరాయి, అందుకే మానేశారు అంటారు కొందరు. మరి మా బాపు రోజుల్లో వరంగల్‌లో వెన్నెల కాసిందా? ఎండ కాదు, దూరం. అప్పుడు మిల్లు పక్కనే ఇల్లు. 2002లో మిల్లు మూతపడింది. పనివాళ్లలో కొందరు ఆటోలు తోలారు, కొందరు వాచ్‌మెన్‌లయ్యారు. ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీలు గీసుగొండ, సంగెం మండలాల వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో వస్తున్నాయి. దానికి శంకుస్థాపన జరిగింది 2017లో. బాపు పది నిమిషాల్లో చేరిన పనికి ఈరోజు కరీమాబాద్ పిల్లాడు పోవాలంటే బస్సో బండో కావాలి.

ఇంకోటి పరువు. నా చిన్నప్పుడు అల్లుడికి సైకిల్, వాచీ, రేడియో పెడితే ఊరంతా చెప్పుకునేవాళ్లు. 1985లో హీరో హోండా వచ్చింది. లీటరు పెట్రోలుతో చాలా దూరం పోయే బండి అది. తర్వాత అల్లుళ్లు సైకిల్ పేరెత్తితే అలిగే రోజులొచ్చాయి. నేనూ తక్కువ తినలేదు. పెళ్లిళ్లకు సైకిల్ మీద పోతే చూసే చూపులు పడలేక వాయిదాల మీద స్కూటర్ కొన్నా. పొట్ట కూడా ఆ వాయిదాలతోపాటే మొదలైందని మీ నానమ్మ అంటుంది.

ఇది మన ఒక్కరి కథే కాదు. బీజింగ్‌లో 1980ల్లో జనం ప్రయాణాల్లో సగానికి పైగా సైకిల్ మీదే, 2010కి అది ఐదో వంతు కూడా లేదు. బ్రిటన్ రోడ్ల మీద 1949లో సైకిళ్లతో సహా బండ్లన్నీ తిరిగిన దూరంలో దాదాపు మూడో వంతు సైకిళ్లదే. తర్వాత పాతికేళ్లలో అడుగంటింది.

బ్రిటన్ మాట వచ్చింది కాబట్టి మీకొక లెక్క. ఇంగ్లండ్, వేల్స్‌లో 2001లో పనికి సైకిల్ మీద పోయినవాళ్లు 6,51,000 మంది. 2011లో 7,41,000. ఏకంగా 90,000 మంది పెరిగారు. అయినా శాతం 2001లోనూ 2.8, 2011లోనూ 2.8. ఎట్లా? మీ క్లాసులో 40 మంది ఉన్నప్పుడు నలుగురు సైకిల్ మీద వస్తే పదో వంతు. క్లాసు 60 అయ్యి ఆరుగురు వచ్చినా పదో వంతే. పేపర్‌వాడు "పెరిగింది" అని రాసినా అబద్ధం కాదు, "పెరగలేదు" అని రాసినా అబద్ధం కాదు. లండన్‌లో బాగా పెరిగి, వేరే చాలా చోట్ల తగ్గింది కూడా. సగటు అంకె ఆ రెండింటినీ కలిపి కప్పేసింది.

మొన్న తెల్లారుజామున చౌరస్తాలో టీ తాగుతూ సైకిళ్లు చూస్తూ కూర్చున్నా. పేపర్ వేసే పిల్లాడు, పాల క్యాన్ల ఆయన, రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మెన్, తాపీ కట్టుకుని పోయే మేస్త్రి. ఎనిమిది దాటాక వచ్చిన సైకిళ్లు వేరే రకం: హెల్మెట్లు, గేర్లు, మోచేతికి ప్యాడ్లు. వాళ్లు ఏ పనికీ పోవడం లేదు, వ్యాయామానికట. రెండూ సైకిళ్లే. అయితే మేస్త్రిది మనం చెప్పుకున్న లెక్కలోకి వస్తుంది, హెల్మెట్ ఆయనది రాదు.

మేడ మీదున్న నా సైకిల్ కిందికి దించాను. ట్యూబు తీసి నీళ్ల బకెట్‌లో ముంచితే మూడు చోట్ల బుడగలొచ్చాయి. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ముక్కలతికించా. సంక్రాంతికి వచ్చేసరికి సీటు మీ ఎత్తుకు సరిచేయించాలి. నడుము నుంచి మడమదాకా ఇద్దరూ టేపుతో కొలిపించుకుని రాసి పంపండి. చిన్నదానికి అందకపోతే కైంచీ నేర్పిస్తా, మీ అమ్మకు చెప్పకండి.

మీ తాత