వందేళ్లు నిండని మిల్లు

వరంగల్‌లో వారసత్వం అనగానే అందరి చూపు కోట తోరణాల మీదికో, వేయిస్తంభాల గుడి మీదికో పోతుంది. 2015లో కేంద్రం వారసత్వ నగరాల కోసం ప్రారంభించిన 'హృదయ్' పథకంలో ఈ నగరానికి చోటు దక్కిందన్నా కాకతీయుల చలవే. ఇరవయ్యో శతాబ్దంలో నగరాన్ని పోషించిన ఆజంజాహి మిల్లు ఆ లెక్కలోకి రాలేదు.

చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1934లో ఈ బట్టల మిల్లు మొదలైంది. ఆయన కొడుకు ఆజం జా పేరే దానికి పెట్టారు. చుట్టూ పత్తి పండే నేల, పక్కనే రైలు మార్గం. మిల్లు చుట్టూ కార్మికవాడలు వెలిశాయి. పోలీస్ స్టేషన్ పేరు నేటికీ మిల్స్ కాలనీయే.

దెబ్బ ఒక్కసారిగా పడలేదు. ఖాయిలా పడ్డ మిల్లులను కేంద్రం 1974లో జాతీయం చేసినప్పుడు ఇది జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. యంత్రాలు పాతబడ్డాయి, మరమగ్గాల పోటీ పెరిగింది, నష్టాలు పేరుకున్నాయి. చివరికి ఆ సంస్థను గట్టెక్కించడానికి ఎంచుకున్న దారి ఏమిటంటే, నడవలేని మిల్లులను మూసి, వాటి భూములు అమ్మి, ఆ డబ్బుతో మిగతావాటిని బాగుచేయడం. ఆజంజాహి 2002 నాటికి మూతపడింది. కార్మికులు స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో ఇళ్లకు వెళ్లారు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మలుపు తిరిగింది. అప్పటిదాకా మిల్లు అయినది అప్పటి నుంచి స్థలం అయింది. నగరాభివృద్ధి సంస్థ 'కుడా' అందులో ప్లాట్లు వేసింది, షెడ్లు నేలమట్టమయ్యాయి. జిల్లా కొత్త కలెక్టరేట్‌కు కూడా ఆ మైదానమే దొరికింది.

చట్టం అడ్డుపడేదా? పడేది కాదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం ప్రకారం ఏ కట్టడానికైనా రక్షణ దక్కాలంటే దానికి కనీసం వందేళ్లు నిండాలి. ఆజంజాహికి ఆ అర్హత 2034లో వచ్చేది. వారసత్వ కట్టడాల కోసం తెలంగాణ సొంత చట్టం తెచ్చుకున్నది 2017లో, అప్పటికే ఆలస్యమైంది.

జర్మనీలోని ఎస్సెన్ నగరంలో త్సోల్‌ఫెరైన్ బొగ్గుగని ఉంది. దాని పన్నెండో షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, 1932లో మొదలైంది, అంటే మన మిల్లుకు సమవయస్కురాలే. 1986లో గని మూతపడగానే అక్కడి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కొని, రక్షిత కట్టడంగా ప్రకటించింది. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. బొగ్గు కడిగే భవనంలో ఇప్పుడు మ్యూజియం నడుస్తోంది. లండన్‌లో 1981లో ఆగిన బ్యాంక్‌సైడ్ విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్ కళాప్రదర్శనశాలగా తెరుచుకుంది. దూరదేశాల సంగతి ఎందుకంటారా, హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాల 2022లో మ్యూజియం అయింది. భవనం ప్రభుత్వ అధీనంలోనే ఉండటం అక్కడ కలిసొచ్చింది.

అయితే ఉత్తర తెలంగాణలో ఈ మాట ఎత్తితే ఎదురయ్యే అభ్యంతరం వేరు. మూతపడ్డ ఫ్యాక్టరీని మ్యూజియం చేద్దామంటే, 'ఇక తెరవరన్నమాట' అని కార్మికుడికి వినిపిస్తుంది. ఆ అనుమానం తీసిపారేయదగ్గది కాదు. 2014లో ఆగిపోయిన కాగజ్‌నగర్ కాగితం మిల్లు 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది మరి. 1937లో పుట్టిన బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక, చెరకు రైతులు అడుగుతూ వచ్చింది క్రషింగ్ గురించే.

కానీ ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి శత్రువులు కావు. మిల్లు తెరుచుకున్నా పాత యంత్రాల్లో చాలావరకు తుక్కుకే పోతాయి, కొన్ని షెడ్లు ఖాళీగానే మిగులుతాయి. వేలానికి ముందే ఏ షెడ్డు నిలబెట్టదగ్గదో ఇంజనీర్లతో చూపించి, యంత్రాల ఫొటోలు, నక్షాలు, హాజరు పుస్తకాలు భద్రపరిచే పని కార్మికుల బకాయిల లెక్కతో పాటే సాగవచ్చు. ఆజంజాహి విషయంలో ముందుగా లెక్కకు వచ్చింది ఎకరాలే.