మిత్రుడి యుద్ధానికి మనం వెళ్లాలా?

చిరంజీవులైన పిల్లలకు కడప నుండి మీ తాత ఆశీర్వదించి వ్రాయునది.

మిత్రదేశం మీదికి యుద్ధం వచ్చేలా ఉన్నప్పుడు మనం అండగా నిలవాలా, మన పని మనం చూసుకోవాలా అని అడిగారు. మన ఇల్లు ఉన్న ఈ నేలే ఒకప్పుడు అలాంటి అండకు మూల్యంగా చేతులు మారింది కనుక, అక్కడి నుండే మొదలుపెడతాను.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలు హైదరాబాదు నిజాం అలీ ఖాన్ మీద యుద్ధానికి దిగినప్పుడు, ఆయన మిత్రులని నమ్ముకున్న ఈస్టిండియా కంపెనీవారు తమకేమీ పట్టనట్లు తటస్థంగా ఉండిపోయారు. నిజాం ఓడిపోయాడు. ఆ దెబ్బ మరువలేకనే 1798లో కంపెనీ పటాలాలను తన రాజ్యంలో తన ఖర్చుతో ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు. 1800 నాటికి ఆ ఖర్చు కింద, టిప్పు సుల్తాను ఓటమి వల్ల తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ కంపెనీకే రాసి ఇచ్చేశాడు. ఇక్కడి రైతును మాత్రం ఎవరూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అలా ఇచ్చేసిన ఈ ప్రాంతాలకు పడిన దత్తమండలాలు అన్న పేరు నచ్చకనే 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్న పేరు సూచించారు.

ఇది చదివి, పొరుగువాడి తగాదాలో తలదూర్చకపోవడమే మేలని మీరు అనుకోవచ్చు. నేను ఒప్పుకోను. చెకోస్లొవేకియాకు రక్షణగా నిలుస్తామని ఒప్పందం రాసుకున్న ఫ్రాన్సు, 1938 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బ్రిటన్‌తో కలిసి ఆ దేశపు సరిహద్దు ప్రాంతాన్ని హిట్లరుకు అప్పగించింది. ఆరు నెలలైనా గడవకముందే జర్మన్ సేనలు ప్రాగ్ నగరంలో దిగాయి. ఏడాది తిరగకముందే, తప్పించుకున్నామనుకున్న యుద్ధం ఫ్రాన్సు నెత్తిన కూడా పడింది.

అండ అంటే సైన్యమే పంపనక్కరలేదు. 1971 ఆగస్టులో మనమూ సోవియట్ యూనియనూ చేసుకున్న ఒప్పందంలోని తొమ్మిదవ అధికరణం, దాడి గానీ దాడి భయం గానీ ఏర్పడితే ఇరుపక్షాలూ వెంటనే సంప్రదించుకుని తగిన చర్య తీసుకోవాలని మాత్రమే చెప్పింది. ఆ డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో సోవియట్ సైనికుడు మన తరఫున పోరాడలేదు. అయినా భద్రతా మండలిలో వారు వాడిన వీటో అధికారం మనకు ఎంతో అక్కరకు వచ్చింది.

సైన్యాన్నే పంపవలసి వస్తే, ఏ పని మీద పంపుతున్నామో, అది ముగిసిందని ఎలా తెలుస్తుందో బయలుదేరక ముందే తేల్చుకోవాలి. 1988 నవంబరులో మాల్దీవుల అధ్యక్షుడు సహాయం కోరితే, ఆ రాత్రికే మన పారాట్రూపర్లు అక్కడ దిగి తిరుగుబాటును అణచివేశారు. అంతకు ఏడాది ముందు, అధ్యక్షుడు జయవర్ధనేతో కుదిరిన ఒప్పందం ప్రకారం శ్రీలంకకు వెళ్లిన మన శాంతి సేన కథ వేరు. అక్కడి తమిళ తిరుగుబాటుదారుల చేత ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్లినవారు కొద్ది నెలల్లోనే తమిళ పులులతో యుద్ధంలో చిక్కుకున్నారు, దాదాపు 1,200 మంది జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. 1989లో, పిలిచిన జయవర్ధనే స్థానంలోకి వచ్చిన ప్రేమదాస, ఇక వెళ్లిపొమ్మని మనకే గడువు పెట్టారు. చివరి జవాను తిరిగి వచ్చేసరికి 1990 మార్చి అయింది.

ఇట్లు,
మీ తాత