పెరట్లో నాలుగు పెట్టలకు పర్మిషన్: అమెరికా చిన్న ఊళ్ళలో ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

అమెరికాలో ఏదో ఒక చిన్న ఊరి కౌన్సిల్ ముందు ఈ అంశం ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. పెరట్లో కోళ్ళు పెంచుకోనివ్వాలా, వద్దా? అడిగేది నాలుగైదు పెట్టల కోసం. వాదనలు మాత్రం నెలల తరబడి సాగుతాయి. మనవైపు పల్లెల్లో ఈ మాట చెబితే నవ్వుతారు. సాయంత్రం కోళ్ళను గంప కింద కమ్మడానికి ఎవరి సంతకం కావాలి? నిజానికి వందేళ్ళ కిందట అమెరికాలోనూ చాలాచోట్ల ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైగా పెంచండని ప్రభుత్వమే జనాన్ని బతిమాలింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి వ్యవసాయ శాఖ ఒక పోస్టర్ వేసింది. మీరు కోళ్ళు పెంచుతారని అంకుల్ శామ్ (అమెరికా ప్రభుత్వానికి ప్రతీకగా గీసే ముసలాయన) ఎదురుచూస్తున్నాడని దాని సారాంశం. ఇంట్లో మనిషికి రెండు పెట్టల చొప్పున ఉంటే ఆ కుటుంబానికి తాజా గుడ్లకు లోటుండదని లెక్క కూడా చెప్పింది. శాంతి రోజుల్లో లాభసాటి కాలక్షేపం, యుద్ధం రోజుల్లో దేశభక్తి అని ఊరించింది. 1918 నుంచి తపాలా శాఖ ఒకరోజు వయసు కోడిపిల్లలను పార్సిల్‌లో పంపడం మొదలుపెట్టింది. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చేముందు మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆ బలంతో దాదాపు మూడు రోజులు మేతా నీళ్ళూ లేకపోయినా బతుకుతుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెల్లో కిచకిచలాడుతూ అవి ఇప్పటికీ పోస్టాఫీసులకు వస్తూనే ఉన్నాయి.

అప్పట్లో కోళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళ చేతిలో ఉండేవి. గుడ్లు కొట్టుకు వేసి చక్కెరో, కాఫీ పొడో, గుడ్డముక్కో తెచ్చుకునేవారు. ఇంటావిడకు మొగుడి లెక్కలోకి రాని డబ్బు అది. మన అమ్మమ్మలకూ ఇది తెలిసిన సంగతే. చిత్రమేమిటంటే, ఈ పెరటి లెక్కను తలకిందులు చేసిన మార్పులో మొదట వినిపించే పేరు కూడా ఒక ఇల్లాలిదే. 1923లో డెలావేర్ రాష్ట్రంలోని ఓషన్ వ్యూ అనే ఊళ్ళో సిసిల్ స్టీల్ 50 పిల్లలు కావాలని ఆర్డర్ పెడితే పొరపాటున 500 వచ్చాయి. ఆమె వాటిని వెనక్కి పంపకుండా పెంచి మాంసానికి అమ్మేసింది. మంచి ధర రావడంతో మూడేళ్ళు తిరక్కుండానే 10,000 కోళ్ళు పట్టే షెడ్డు వేసింది. బ్రాయిలర్ పరిశ్రమ తన పుట్టుకను అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటుంది. కోడి పెరటి నుంచి షెడ్డుకు మారడానికి దారి అలా పడింది.

ఇక చట్టం వైపు చూద్దాం. ఊరిని నివాసాలు, దుకాణాలు, ఫ్యాక్టరీలు అని విడగొట్టి, ఎక్కడ ఏముండాలో ముందే రాసిపెట్టే పద్ధతిని జోనింగ్ అంటారు. 1926లో ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి జోనింగ్ మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ఊరి పక్షమే నిలిచింది. దొడ్లో ఉండాల్సిన పంది ముందుగదిలోకి వస్తే ఎలాగో, మంచిదే అయినా చోటు కాని చోట ఉంటే పీడే అవుతుందని తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ అన్నారు. ఆ వాక్యం ఇప్పటికీ లాయర్ల నోళ్ళలో నానుతూనే ఉంది. దొడ్డి దొడ్డిగా, ఇల్లు ఇల్లుగా విడిపోవాలన్న ఆలోచనకు దాంతో రాజముద్ర పడింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత శివార్లలో కొత్త కాలనీలు లేచాక చాలా ఊళ్ళు ఇదే అచ్చును వాడుకున్నాయి.

పందుల కథ వేరు. 1849లో కలరా ప్రబలినప్పుడు న్యూయార్క్ పోలీసులు వేలాది పందులను తరిమేశారు. అక్కడ రోగభయం ఉంది. కోళ్ళ దగ్గరకు వచ్చేసరికి, నా ఉద్దేశంలో, రోగం కంటే హోదా ఎక్కువ పనిచేసింది. కోడి ఉన్న ఇల్లంటే పల్లెటూరి ఇల్లు, లేనివాళ్ళ ఇల్లు. కాలనీలు వేసినవాళ్ళు ప్లాటు దస్తావేజుల్లోనే షరతులు పెట్టేవారు. కొన్ని పాత దస్తావేజుల్లో కోళ్ళు, పందులు ఉండరాదన్న నిబంధన ఉన్న కాగితంలోనే నల్లజాతివాళ్ళకు, ఆసియావాళ్ళకు ఈ ఇల్లు అమ్మరాదన్న నిబంధన కూడా కనిపిస్తుంది. జాతి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు చెప్పింది. కోళ్ళ షరతు జోలికి ఆ తీర్పు వెళ్ళలేదు.

మళ్ళీ కదలిక వచ్చింది 2000 తర్వాత. విస్కాన్సిన్ రాజధాని మ్యాడిసన్‌లో కొందరు గుట్టుగా కోళ్ళు పెంచుతూ, తమ బృందానికి సరదాగా ‘చికెన్ అండర్‌గ్రౌండ్’ అని పేరు పెట్టుకున్నారు. 2004లో నగరం దిగొచ్చింది. నాలుగు పెట్టల దాకా సరే, పుంజు వద్దు, కోయడం వద్దు, గూడు పక్కింటికి 25 అడుగుల దూరంలో ఉండాలి. 2008లో మిషిగన్‌లోని యాన్ ఆర్బర్, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ కూడా అనుమతిచ్చాయి. యాన్ ఆర్బర్‌లో పక్కింటివాళ్ళ అంగీకారం కూడా తెచ్చుకోవాలన్నారు. తర్వాత చిన్న ఊళ్ళు ఈ నమూనాలనే అటూ ఇటూ మార్చి రాసుకున్నాయి.

అసలు మెలిక ఆ కొలతల్లో ఉంటుంది. దూరాన్ని పక్కింటి గోడ నుంచి కొలిస్తే ఇబ్బంది లేదు. కొన్ని ఊళ్ళు ప్లాటు హద్దు నుంచి కొలుస్తాయి. ప్లాటు వెడల్పు 50 అడుగులే అనుకోండి. అటు 25, ఇటు 25 తీసేస్తే పెరటి మధ్యలో ఒక గీత మిగులుతుంది, దాని మీద గూడు ఎలా కడతారు? అనుమతి కాగితం మీదే ఉండిపోతుంది.

పుంజు విషయంలో మాత్రం ఊళ్ళన్నీ దాదాపు ఒకటే మాట. నా కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న అవ్వ అక్కడ ఉంటే ఫైన్ కట్టాల్సిందే. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, పొదిగితే పిల్లలు రావంతే. కానీ పుంజును తప్పించుకోవడం అంత తేలిక కాదు. పెట్టపిల్లలనే పంపుతామన్న హ్యాచరీలు కూడా సాధారణంగా 90 శాతం వరకే హామీ ఇస్తాయి. ముద్దుగా పేరు పెట్టి పెంచుకున్న ‘డైసీ’ నాలుగైదు నెలలకు ఒక తెల్లవారుజామున గొంతెత్తి కూస్తుంది. అక్కడి నుంచి పక్కింటివాళ్ళ ఫోన్లు, ఆ ఇంట్లో టెన్షన్ మొదలు.

కోయకూడదన్న నిబంధనతో ఇంకో చిక్కుంది. పెట్ట గట్టిగా గుడ్లు పెట్టేది రెండు మూడేళ్ళు, బతికేది ఏడెనిమిదేళ్ళు. మిగతా కాలమంతా దాన్ని కూర్చోబెట్టి మేపాలి. నాటుకోడి పులుసు తెలిసినవాళ్ళకు ఈ నిబంధన మింగుడుపడదు.

వాసన, చప్పుడు, ఎలుకలు, ఇళ్ళ ధరలు అంటూ కౌన్సిళ్ళు ఏళ్ళపాటు వాదించుకుంటుండగానే, నిజంగా పట్టించుకోవాల్సిన కారణాలు ఆలస్యంగా ముందుకొచ్చాయి. కోవిడ్ ఏడాది 2020లో కోడిపిల్లలకు గిరాకీ పెరిగింది. అదే ఏడాది పెరటి కోళ్ళతో ముడిపడ్డ సాల్మొనెల్లా (కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) కేసులు 1,700 దాటాయి. కోళ్ళను ముద్దుపెట్టుకోవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ చెప్పాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ వాణిజ్య ఫారాల్లోకి దిగింది, కోట్ల కోళ్ళు పోయాయి. 2025 మార్చిలో డజను గుడ్ల సగటు ధర 6.23 డాలర్లకు ఎగబాకింది. ఆ సీజన్‌లోనే వ్యవసాయ మంత్రి బ్రూక్ రోలిన్స్, కుటుంబాలు పెరట్లో కోళ్ళు పెంచుకోవడాన్ని సులభం చేస్తామన్నారు. పాత పోస్టర్ భాష మళ్ళీ వినిపించింది. ఈసారి మాత్రం అడవి బాతుల రెట్టల్లో వైరస్ ఉంది, పైకప్పు లేని పెరటి దొడ్డి దానికి అడ్డేమీ కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో మన ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లోనూ బర్డ్ ఫ్లూ బయటపడి జనం చికెన్ తినడమే తగ్గించారు.

గుడ్లు చవగ్గా వస్తాయనుకుంటే అదీ భ్రమే. మామూలు కోళ్ళ వలను రకూన్లు (అక్కడ రాత్రిళ్ళు తిరిగే అడవి జంతువులు) చించేస్తాయి, గట్టి ఇనుప జాలీ వేయాలి. గూడు, మేత, చలికాలంలో నీళ్ళు గడ్డకట్టకుండా హీటర్, కొన్నిచోట్ల పర్మిట్ ఫీజు. ఆ ఖర్చంతా గుడ్ల మీద వేస్తే షాపు గుడ్డే నయం.

అక్కడి మన తెలుగువాళ్ళకు ఇంకో గడప ఉంది. చాలామంది ఉండేది హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల సంఘం నిబంధనలు నడిచే కాలనీల్లో. ఏ రకమైన పశువులను, కోళ్ళను పెంచరాదు, కుక్కలు పిల్లుల్లాంటివి తప్ప అన్న వాక్యం ఆ నిబంధనల్లో దాదాపు ఇదే వరసలో ఉంటుంది. ఊరి కౌన్సిల్ అనుమతిచ్చినా, రాష్ట్ర చట్టం ప్రత్యేకంగా అడ్డుకుంటే తప్ప, కాలనీ నిబంధనే చెల్లుతుంది. మార్చాలంటే చాలాచోట్ల సభ్యుల్లో మూడింట రెండొంతులో, అంతకంటే ఎక్కువో ఓట్లు కావాలి. అందుకే కౌన్సిల్‌లో గెలిచిన రోజున కోళ్ళగూడు కొనేయకుండా, ముందు ఇంటి కాగితాలు తీసి చదువుకోవాలి.