ఈడెన్ అంటే తోట కాదండీ బాబూ! (అపోహలు - వాస్తవాలు)

నేను బైబిల్ కాలేజీలో హీబ్రూ చెప్తుంటా, అందుకని పిల్లలకి పేరు పెట్టాలంటే చుట్టాలు, చర్చి వాళ్ళు అందరూ నాకే ఫోన్ చేస్తారు. మొన్న ఒకాయన "సార్, పాపకి ఈడెన్ అని అనుకుంటున్నాం, యాప్‌లో తోట అని అర్థం చూపిస్తోంది, కరెక్టేనా" అన్నారు. చాలామంది అడిగేదే కాబట్టి ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: ఈడెన్ అంటే తోట.
కాదు. హీబ్రూలో తోటని "గన్" అంటారు. మన తెలుగు బైబిల్ ఆదికాండం 2:8 తీయండి, "ఏదెనులో ఒక తోట" అనే ఉంటుంది, ఈడెన్‌నే మన బైబిల్ ఏదెను అని రాస్తుంది, అంటే ఏదెను ప్రాంతం పేరు, తోట అందులో వేసింది. అర్థమంటారా, సుఖం, ఆనందం, సమృద్ధి. 18:12లో అబ్రాహాము ముసలి భార్య శారా ఈ వయసులో నాకు సుఖమా అని నవ్వుకుంటుంది చూడండి, అక్కడ హీబ్రూ మాట "ఎద్నా", అదే ధాతువు. ఒకప్పుడు పండితులు సుమేరియన్ అనే ప్రాచీన భాషలోని "ఎదిన్"తో ముడిపెట్టి బయలు, మైదానం అనేవాళ్ళు, కానీ 1979లో సిరియాలో టెల్ ఫెఖెరియే దగ్గర ఒక విగ్రహం దొరికింది, దానిమీద అక్కాదియన్, అరమాయిక్ అనే రెండు ప్రాచీన భాషల్లోనూ శాసనం ఉంది, హదద్ అనే వాన దేవుడు దేశాలన్నిటినీ సమృద్ధి చేస్తాడు అన్నచోట ఇదే ధాతువు వాడారు, దాంతో చాలామంది ఈ సమృద్ధి అర్థం వైపు మళ్ళారు. నాకూ ఇదే సబబనిపిస్తుంది, ఆదికాండంలో కూడా తోటని తడిపే నది ఏదెను నుంచే కదా బయల్దేరేది.

అపోహ: మన లక్ష్మణ్ 281 కొట్టిన ఈడెన్ గార్డెన్స్‌ది కూడా బైబిల్ పేరే.
అది ఇంటిపేరండీ. గవర్నర్ జనరల్ లార్డ్ ఆక్లాండ్ అసలు పేరు జార్జ్ ఈడెన్, ఆయన అక్కచెల్లెళ్ళ పేరుమీద వచ్చిందంటారు. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ సిటీ, అక్కడి మౌంట్ ఈడెన్ కూడా ఈయన పేరుమీదే, ఆ ఏరియాలోదే ఈడెన్ పార్క్ గ్రౌండ్! ఇంగ్లిష్ ఈడెన్ ఇంటిపేర్లు కొన్ని ఊరి పేర్ల నుంచి వచ్చాయి, కొన్ని "ఎయాద్‌హున్" అనే పాత ఇంగ్లిష్ మగపేరు నుంచి, అందులో ఎయాద్ అంటే సంపద, హున్ అంటే ఎలుగుబంటి పిల్ల. హీబ్రూకీ దీనికీ చుట్టరికం లేదు, స్పెల్లింగ్ కలిసిందంతే, యాప్‌లు రెండూ కలిపి వండేస్తాయి.

అపోహ: ఆడపిల్లల పేరు.
2 దినవృత్తాంతములు 29:12లో ఏదెను ఒక లేవీయుడు, అంటే లేవి గోత్రం వాడు, మగాడే. ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి బెల్జియంకి ఆడిన ఈడెన్ హజార్డ్ గురించి చెప్పక్కర్లేదు, ఆయనా మగాడే.

ఇక "ఈ"తో పలకడం ఇంగ్లిష్ అలవాటు, హీబ్రూకి మన ఏదెనే దగ్గర. ఈ మాట చెప్తే ఆయన నవ్వి, "మా అమ్మ అప్పుడే ఏదెనమ్మా అని పిలుస్తోంది సార్" అన్నారు.