పెరటి చెట్టుకు కందిరీగల గూడు: అపోహలు - వాస్తవాలు

చెట్ల మీది గూళ్లు తీయడం నా పని. ఎవరు ఫోన్ చేసినా ముందు దూరం నుంచి ఒక ఫొటో తీసి పంపమంటాను. ఏ గూడో తెలియకుండా కర్ర పట్టుకోవడంతోనే ప్రమాదాలు మొదలవుతాయి.

అపోహ: కొమ్మకు వేలాడేదల్లా కందిరీగల గూడే.

మామిడి మీద ఆకులు కలిపి అంటించినట్టుంటే అవి ఎర్రచీమలు. లావాటి కొమ్మ కింద ఏ కప్పూ లేకుండా పెద్ద పలకలా వేలాడుతూ, ఈగలు పొరలుపొరలుగా ఉంటే అది తేనెపట్టు. కందిరీగల గూటికి చుట్టూ కాగితం లాంటి పొర, దాని మీద బూడిద, గోధుమ రంగు చారలు ఉంటాయి. రాకపోకలు పక్కనున్న చిన్న బొక్కలోంచే. నల్లటి ఒంటి మీద పొట్ట దగ్గర నారింజ-పసుపు పట్టీ ఉంటే అది వెస్పా ఆఫినిస్ రకం కావచ్చు. చెక్క పీచును నమిలి, ఉమ్మితో కలిపి ఆ కాగితం చేసుకుంటాయి. మీ కంచె కర్ర మీద వాలి గీకుతున్న కందిరీగ కనిపించిందంటే దగ్గర్లోనే ఎక్కడో గూడు లేస్తున్నట్టే.

అపోహ: పొగ పెడితేనో, పెట్రోలు పోసి అంటిస్తేనో పోతాయి.

పొగకు నెమ్మదించేవి తేనెటీగలు. కందిరీగల దగ్గర ఆ ఉపాయం నమ్ముకోవద్దు. ఇక మంట అంటే చెట్టు, పక్కనున్న పాక, కరెంటు తీగలు, నిచ్చెన మీద మనిషి అన్నీ ప్రమాదంలో పడ్డట్టే. రాయి విసరడం కూడా అంతే: గూడు అదిరితే గుంపు బయటికొస్తుంది. తేనెటీగ ముల్లు మన చర్మంలో ఉండిపోతుంది, కందిరీగది ఉండదు. ఒక్కటే మళ్లీ మళ్లీ కుట్టగలదు. వెంటపడితే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని తలుపులున్న గదిలోకి పరుగెత్తండి.

అపోహ: కనిపిస్తే తీసేయాల్సిందే.

కందిరీగలు తమ పిల్లల కోసం గొంగళి పురుగుల్ని వేటాడతాయి, మన కూరగాయ మొక్కలకు అది మేలు. గోడకు మట్టి గూడు కట్టేది ఒంటరి కందిరీగ, దాని జోలికి వెళ్లకపోతే చాలు. ఎవరూ తిరగని మూల, ఎత్తు కొమ్మన ఉన్న గూడు వదిలేయమనే చెప్తాను. దారి మీదో, పిల్లలు ఆడే చోటో ఉంటే తీయించాలి. అది చీకటి పడ్డాక, ఒళ్లంతా కప్పే సూట్ వేసుకుని, అనుభవం ఉన్నవాళ్లు చేయాల్సిన పని. అంతవరకు ఆ చెట్టు కాయలు కోయకండి, కొమ్మలు నరకకండి.

అపోహ: సున్నం రాస్తే విషం దిగిపోతుంది.

విషం అప్పటికే చర్మం లోపల ఉంటుంది. పైన రాసిన సున్నం అక్కడికి చేరదు సరికదా, చర్మాన్ని కాలుస్తుంది. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. వేలి మీద కుడితే వాపు రాకముందే ఉంగరం తీసేయండి. ఒక్కటే కుట్టినా సరే, ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చాలా కుట్టినప్పుడు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే కిడ్నీలు దెబ్బతిన్న సంగతి ఆలస్యంగా బయటపడొచ్చు. మూత్రం తగ్గినా, ముదురు రంగులో వచ్చినా ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.