గురుసేవ: వంటశాలలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

గురుపూర్ణిమ దగ్గరపడుతోందంటే మా ఆశ్రమ వంటశాలకు కొత్త సేవకులు వస్తారు. వాళ్లకు పని నేర్పే బాధ్యత నాది. పని ఒక్కరోజులో వచ్చేస్తుంది. మనసులో పెట్టుకొచ్చిన అపోహలు పోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

అపోహ: గురువుగారి దగ్గరే ఉండి చేసేది అసలైన సేవ.

వాస్తవం: గురువు అప్పగించిన పని ఎక్కడున్నా సేవే. తిరుమల వెళ్లి స్వామికి పుష్పకైంకర్యం ఎవరు చేస్తారని శ్రీరంగంలో రామానుజులవారు అడిగితే ముందుకొచ్చింది ఆయన శిష్యుడు అనంతాళ్వారు. గురువుకు దూరమవుతానని తెలిసే వెళ్లారు. చలి, అడవి ఉన్న కొండమీద తోట వేశారు, చెరువు తవ్వారు, మాలలు కట్టారు. పాదపూజ వరుసలో చోటు దొరకలేదని చిన్నబుచ్చుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఆయన గురించే.

అపోహ: సేవ చేస్తుంటే అహం దానంతటదే పోతుంది.

వాస్తవం: సేవలోంచే కొత్త అహం పుట్టొచ్చు. ఆ చెరువు తవ్వుతున్నప్పుడు, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోస్తుంటే ఒక పిల్లవాడు సాయానికి వచ్చాడట. గురువు తమకే అప్పగించిన పనిలో ఇంకొకరి చెయ్యి పడకూడదని అనంతాళ్వారు వాడి మీదికి గునపం విసిరారు. ఆ పిల్లవాడు సాక్షాత్తూ శ్రీనివాసుడే. దెబ్బ తగిలిన గడ్డానికి నేటికీ పచ్చకర్పూరం అద్దుతారు. ఆ గునపాన్ని తిరుమల గుడి మహాద్వారం దగ్గర కుడివైపు చూడొచ్చు. అంతటి భక్తుణ్ణే 'ఇది నా సేవ' అన్న పట్టుదల వదల్లేదు, మనమెంత! పులిహోర కలిపే తెడ్డు ఇంకొకరు పట్టుకున్నారని మాటలు మానేసినవాళ్లను చూశాను. అందుకే మా దగ్గర పనులు మారుతుంటాయి. నిన్న వడ్డించినవాళ్లు ఇవాళ గుండిగలు తోముతారు. వడ్డనకైతే పిలవకుండానే వస్తారు. అడుగంటిన పాయసం గుండిగ దగ్గరికి మాత్రం పేరుపెట్టి పిలవాలి.

అపోహ: గురువును ప్రశ్నించకూడదు.

వాస్తవం: 'ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా' అంది గీత (4.34). నమస్కారానికీ సేవకూ నడుమ ప్రశ్న ఉంది. తైత్తిరీయోపనిషత్తులో ఆచార్యుడే శిష్యుడికి చెబుతాడు: మాలోని మంచి నడవడినే అనుసరించు, తక్కినవి కాదు, 'నో ఇతరాణి' అని. కాబట్టి గురువు పేరు చెప్పి ఎవరైనా ఒంటరిగా రమ్మన్నా, ఇంట్లో చెప్పొద్దన్నా, అప్పు చేసైనా ఇమ్మన్నా లేచి వచ్చెయ్యండి. ఏ పాపమూ అంటదు. ఈ మాట కొత్తవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, మొదటిరోజే చెబుతాను.

అపోహ: దక్షిణ ఎంత పెద్దదైతే అనుగ్రహం అంత.

వాస్తవం: ముండకోపనిషత్తు గురువు దగ్గరికి సమిధలు పట్టుకు వెళ్లమంది. అంతే.

అపోహ: సంసారం వదిలితేనే గురుసేవ కుదురుతుంది.

వాస్తవం: అనంతాళ్వారు గృహస్థు. ఆయన సేవలో సగం ఆ ఇల్లాలు మోసిన మట్టే. ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగోలేకపోయినా, పిల్లలకు పరీక్షలున్నా మా సేవకులను రావొద్దనే అంటాం. ఆ వారం వాళ్ల వంతు పని మిగతావాళ్లం పంచుకుంటాం.