ఎక్కాలు ముందా, గుణకారం ముందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

బడులు తెరిచిన కొద్ది వారాలకు జరిగే తల్లిదండ్రుల సమావేశంలో, రెండు, మూడు తరగతుల పిల్లల తల్లుల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "పక్కింటి పాపకు పదిహేనో ఎక్కం దాకా వచ్చేసింది టీచరుగారూ, మావాడితో మీరింకా చింతగింజలు పేర్పిస్తున్నారు, ఎక్కాలు ఎప్పుడు చెబుతారు?" పగలంతా పనికి వెళ్ళి, సాయంత్రం బిడ్డను ట్యూషన్‌కు పంపడానికి డబ్బు కూడబెట్టుకునే తల్లికి, తన బిడ్డ వెనకబడుతున్నాడేమోనన్న భయం కలగడంలో తప్పేమీ లేదు. తప్పంతా ఆ భయాన్ని పెంచే మాటలది. "ఏడేళ్ళ లోపు బట్టీ పట్టించకపోతే ఇక జన్మలో రావు", "బొమ్మలతో లెక్కలు చెబితే మెదడు మొద్దుబారుతుంది" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సందేశాలకు ఏ ఆధారమూ లేదు. వాటిని నమ్మి ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి, తడబడినప్పుడల్లా తిట్టి, లెక్కలంటేనే వణుకు పుట్టిస్తున్న కుటుంబాలను చూసిన తర్వాత ఈ నాలుగు మాటలు రాయక తప్పలేదు.

అపోహ: ఎక్కాలు ముందు కంఠతా వస్తే, అర్థం తర్వాత దానంతటదే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. మూడో తరగతిలో చేరిన ఒక పాప పన్నెండో ఎక్కం వరకు ఎక్కడా ఆగకుండా అప్పజెప్పేది. పలక మీద 3 × 4 రాసి, దీనికి బొమ్మ వేయమన్నాను. ఆ పాప శ్రద్ధగా మూడు సున్నాలు చుట్టి, పక్కన ఇంటూ గుర్తు పెట్టి, నాలుగు సున్నాలు చుట్టి, ఈజ్ ఈక్వల్ టు గుర్తు తర్వాత పన్నెండు సున్నాలు చుట్టింది. ఎడమవైపు మొత్తం ఏడే ఉన్నాయి కదా, కుడివైపుకు పన్నెండు ఎలా వచ్చాయని అడిగితే, "మూడు నాల్గులు పన్నెండు కదా టీచర్" అంది. జవాబు సరైనదే. ఆ జవాబు దేని గురించో మాత్రం పాపకు తెలియదు. ఇలాంటి బొమ్మను ఏ ఊరి బడిలోనైనా చూడవచ్చు, మీ ఇంట్లో కూడా ఈ సాయంత్రమే వేయించి చూడవచ్చు.

అర్థం తెలియకుండా వల్లించిన ఎక్కానికి రెండు లోపాలుంటాయి. మొదటిది, అది పాటలాగా మొదటి నుంచి మాత్రమే వస్తుంది. ఏడెనిమిదులెంత అని అడిగితే పిల్లవాడు ఏడొకట్ల ఏడు దగ్గర మొదలుపెట్టి పైకెక్కుతూ రావాలి, మధ్యలో ఒక్కటి మరిచిపోతే అక్కడే ఆగిపోతాడు. రెండోది, ఎప్పుడు గుణించాలో తెలియదు. ఆటోకు ఆరుగురు చొప్పున నాలుగు ఆటోల్లో ఎంతమంది అని అడిగితే, ఆరో ఎక్కం గడగడా చెప్పిన పిల్లలే "కూడాలా, గుణించాలా?" అని మన ముఖం చూస్తారు, లేదంటే పది అని రాసేస్తారు. ఈ లోటు మూడో తరగతిలో బయటపడదు. భాగహారం, భిన్నాలు, క.సా.గు. వచ్చే సరికి పిల్లవాడు ఒక్కసారిగా కుప్పకూలుతాడు, అప్పుడు "మావాడికి లెక్కల బుర్ర లేదు" అన్న ముద్ర పడిపోతుంది. లేనిది బుర్ర కాదు, మొదట్లో వేయాల్సిన మెట్టు.

ఆ మెట్టు వరుసల్లో ఉంది. ముందు సమాన కుప్పలు, తర్వాత సమాన వరుసలు, తర్వాత వాటి చుక్కల బొమ్మ, చివరన గుర్తులు. వస్తువులతో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తులతో రాయడం అన్న క్రమాన్ని అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలోనే వివరించారు. పునాది స్థాయికి 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా గణితానికి అనుభవం, భాష, చిత్రం, సంకేతం అన్న వరుసనే చెబుతుంది. కాబట్టి రెండో తరగతిలో గింజలు పేర్పించడాన్ని ఉపాధ్యాయుల కాలక్షేపంగా భావించవద్దని తల్లిదండ్రులను కోరుతున్నాను.

వరుసలు మన ఇళ్ళలో లేనివి కావు. ముప్పై గుడ్ల అట్ట అయిదు వరుసలు, వరుసకు ఆరు. వామనగుంటల పీట రెండు వరుసల్లో ఏడేసి గుంటలు, గుంటకు అయిదేసి గింజలు పోస్తే పద్నాలుగు అయిదులు డెబ్బై. పండుగ నెలలో వాకిట్లో పెట్టే ముగ్గుకు అమ్మ "ఏడు చుక్కలు, ఏడు వరుసలు" అని చెప్పుకుంటూ పెడుతుంది. సందు చుక్కల ముగ్గు మాత్రం దీనికి పనికిరాదు, ఎందుకంటే అందులో వరుస వరుసకూ చుక్కల సంఖ్య మారుతుంది. ఆ తేడాను పిల్లలతోనే చెప్పించడం మంచి పాఠం, సమాన వరుసలు ఉంటేనే గుణకారం అని వాళ్ళే గ్రహిస్తారు.

ఇక వరుసలతో బట్టీకి సాధ్యం కానిది ఏం జరుగుతుందో చూడండి. వరుసకు ఎనిమిది చుక్కలతో ఏడు వరుసలు గీసిన కాగితాన్ని అయిదో వరుస కింద మడవండి. పైన అయిదెనిమిదులు నలభై, కింద రెండెనిమిదులు పదహారు, మొత్తం యాభై ఆరు. ఏడెనిమిదులు మరిచిపోయిన పిల్లవాడు ఇక మొదటికి వెళ్ళనక్కర్లేదు, తెలిసినదాని నుంచి తెలియనిదాన్ని తానే కట్టుకుంటాడు. ఇలా విడగొట్టి గుణించి కలపడానికి విభాగ న్యాయం అన్న పేరుందని చాలా ఏళ్ళ తర్వాత వింటాడు, దాన్ని వాడడం మాత్రం ఇప్పుడే నేర్చుకుంటాడు. అదే కాగితాన్ని పక్కకు తిప్పితే వరుసకు ఏడు చొప్పున ఎనిమిది వరుసలవుతాయి. ఒక్క చుక్కా పెరగలేదు, తగ్గలేదు.

ఈ తిప్పడం వల్ల కలిగే లాభాన్ని లెక్క వేసి చూపితే భయపడే తల్లులకు ఎంతో ఊరట కలుగుతుంది. ఒకటి నుంచి పది వరకు ఎక్కాల్లో మొత్తం 100 జవాబులున్నాయి. తిప్పినా అదే జవాబు అని తెలిస్తే అవి 55కు తగ్గుతాయి. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు పిల్లలకు సులువుగానే పట్టుబడతాయి కాబట్టి వాటిని తీసేస్తే మిగిలేవి 21. తొమ్మిదో ఎక్కం అంటే పదో ఎక్కంలో ఒక వరుస తక్కువ అని బొమ్మలో చూసినవాళ్ళకు మిగిలేవి 15 మాత్రమే. వందను బట్టీ పట్టమనడానికి, పదిహేను మీద శ్రద్ధ పెట్టమనడానికి ఎంత తేడా ఉందో ఏడేళ్ళ బిడ్డ వైపు నుంచి ఆలోచించండి.

అపోహ: గింజలకు, చుక్కలకు అలవాటుపడితే పిల్లలు వాటిని వదలరు.

ఈ భయంలో కొంత నిజముంది, అందుకే దీన్ని కొట్టిపారేయను. చుక్కలు ఎదురుగా ఉంటే పిల్లలు ఒకటి, రెండు, మూడు అని అన్నిటినీ లెక్కపెట్టేస్తారు, అలా వదిలేస్తే అక్కడే ఆగిపోతారు కూడా. వాళ్ళను ముందుకు నడపడం పెద్దల పని. వరుసకు ఏడు చొప్పున ఆరు వరుసల చుక్కలున్న కార్డు తీసుకుని, పై వరుస, ఎడమ నిలువువరుస మాత్రం కనిపించేలా మిగిలినదంతా అట్టముక్కతో మూసివేసి, మొత్తం ఎన్ని చుక్కలో అడగండి. కొందరు కనిపించే పన్నెండునే లెక్కపెట్టి చెబుతారు. కొందరు అట్టముక్క మీద వేలితో పొడుస్తూ, కింద దాగిన చుక్కలను ఊహించుకుని లెక్కిస్తారు. కొన్నాళ్ళకు వాళ్ళ వేలు ఎడమ నిలువువరుస వెంబడి మాత్రమే దిగుతుంది: ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. ఆ తర్వాత వేలు కూడా కదలదు, ఆరేళ్ళు నలభై రెండు అని నోటికి వస్తుంది. అప్పుడు వచ్చిన ఎక్కం నిలుస్తుంది.

అపోహ: గోడకు రంగురంగుల ఎక్కాల చార్టు తగిలిస్తే అది బొమ్మలతో బోధించినట్టే.

కాదు. అంకెల పక్కన సీతాకోకచిలుక ఉన్నంత మాత్రాన గుణకారం కనిపించదు. బొమ్మలో ఎన్ని వరుసలున్నాయో, వరుసకు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి చూపించగలిగితేనే అది బోధనోపకరణం. వీడియోలకూ ఇదే వర్తిస్తుంది, చెయ్యి కదపకుండా చూసినది పిల్లలకు నిలవదు.

అపోహ: గీతలు అడ్డంగా, నిలువుగా గీసి ఖండన బిందువులు లెక్కపెట్టే "జపాన్ పద్ధతి" వస్తే ఎక్కాలతో పనిలేదు.

21 × 13 వంటి చిన్న అంకెలకు ఆ పద్ధతి చూపే వీడియో అద్భుతంగా కనిపిస్తుంది. 98 × 87 గీయించి చూడండి, కాగితమంతా గీతలే. అందులో జరిగేది మనం చేసే స్థానవిలువల గుణకారమే, కొత్త విద్య ఏమీ కాదు. ఎక్కాలు వచ్చిన పిల్లలకు అది ఎందుకు పనిచేస్తుందో వివరించడానికి బాగుంటుంది, ఎక్కాలకు బదులుగా పనికిరాదు. తొమ్మిదో ఎక్కానికి వేళ్ళు మడిచే చిట్కా కూడా అంతే, జవాబు ఇస్తుంది, అర్థం ఇవ్వదు.

అపోహ: గుణిస్తే సంఖ్య ఎప్పుడూ పెరుగుతుంది.

పెరగనక్కర్లేదు. ఏడు పళ్ళాలు పెట్టి ఒక్కదానిలోనూ ఏమీ వేయకుండా ఎన్ని ఉన్నాయని అడిగితే, 7 × 0 జవాబు 7 అని రాసే పొరపాటు చాలావరకు పోతుంది. భిన్నాల దగ్గర, చదరపు కాగితాన్ని ఇటు సగం, అటు సగం మడిచి చూపితే సగంలో సగం పావు అని మాటల్లేకుండానే తెలుస్తుంది.

అపోహ: బొమ్మలతో అర్థమైతే ఎక్కాలు నోటికి రానక్కర్లేదు.

ఇది కొత్తగా, చదువుకున్న తల్లిదండ్రుల నుంచి వినిపిస్తున్నది, ఇదీ తప్పే. ప్రతి గుణకారానికీ బొమ్మ గీసుకునే పిల్లవాడు నాలుగో తరగతి భాగహారంలో అలసిపోతాడు. ఎక్కాలు నోటికి రావాలి, తడుముకోకుండా రావాలి. అర్థమైన తర్వాత రోజూ కాసేపు, పై నుంచి కిందికి కాకుండా కలగాపులగంగా అడుగుతూ సాధన చేయిస్తే వస్తాయి. తప్పు చెబితే తిట్టకుండా "అయిదు వరుసల దాకా తెలుసు కదా, అక్కడి నుంచి చూడు" అంటే చాలు.

అపోహ: వీటికి ఖరీదైన కిట్లు కావాలి.

అక్కర్లేదు. ఒక గళ్ళ నోటుపుస్తకం, కత్తెర చాలు. పన్నెండు గళ్ళతో ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు కత్తిరించవచ్చో అడగండి: వరుసకు పన్నెండు చొప్పున ఒక వరుస, ఆరు చొప్పున రెండు, నాలుగు చొప్పున మూడు. తర్వాత పదమూడు గళ్ళు ఇవ్వండి. పిల్లలు చాలాసేపు ప్రయత్నించి, ఒక్క పొడవాటి వరుస తప్ప ఇంకేదీ కుదరడం లేదని మీ దగ్గరకు వస్తారు. అప్పుడు వెంటనే కారణం చెప్పకుండా, ఇలాంటి సంఖ్యలు ఇంకా ఏమున్నాయో వెతకమనండి.